కవాతు మైదానంలో శిక్ష, శిక్షణ

సభకు నమస్కారం.

సైన్యంలో చేరాలని తెల్లవారుజామున నాలుగింటికే రోడ్డెక్కి పరుగు తీస్తున్న కుర్రవాళ్లు, వాళ్ల వెంట వచ్చిన తల్లిదండ్రులు, నాలాగే సర్వీసు పూర్తి చేసుకుని ఇల్లు చేరిన మాజీ సైనికులు ఈ హాలులో ఒకేచోట కూర్చున్నారు. అందుకని ఈ జిల్లాలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను. అది సాధారణంగా తల్లులు అడిగే ప్రశ్న. "బాబూ, అక్కడ పిల్లల్ని కొడతారటగా?" తాడేపల్లిగూడెం పక్కన మిలటరీ మాధవరం అని పేరుపడ్డ ఊరు ఉంది. తరతరాలుగా కొడుకులను పటాలానికి పంపిన అలాంటి ఊళ్లలో కూడా ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. ఔననో కాదనో ఒక్క మాటలో జవాబు చెబితే అది నిజాయితీ అనిపించుకోదు. ఆ జవాబుకు రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉంది. ఈ రోజు ఆ చరిత్రనే మీ ముందు పెడతాను.

మన భాషలోనే ఈ చిక్కు దాగి ఉంది. 'శిక్ష' అనే సంస్కృత పదానికి నేర్పడం, నేర్చుకోవడం అని అర్థం. హిందీలో ఇప్పటికీ అదే అర్థం నిలిచింది. తెలుగులోకి వచ్చేసరికి 'శిక్ష' అంటే దండన అయింది, నేర్పడానికి 'శిక్షణ' అనే మాట మిగిలింది. ఒకే ధాతువు రెండుగా చీలి, ఒక కొమ్మ బడి వైపు, మరొకటి జైలు వైపు పెరిగింది. సైన్యంలో కొత్తగా చేరిన మనిషిని, అంటే మేము 'రంగ్రూట్' అని పిలిచే కుర్రవాణ్ని, తీర్చిదిద్దే చోట ఈ రెండు అర్థాలూ చాలాకాలం ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయడానికి ఎంత కాలం పట్టిందో, ఎవరు విడదీశారో, ఇంకా ఎక్కడ విడిపోలేదో చెప్పడమే నా ఉద్దేశం.

మన దేశంలో ఐరోపా పద్ధతి కవాతు నేర్చిన తొలి సిపాయిలలో తెలుగువాళ్లు ఉన్నారన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. 1748లో కడలూరు దగ్గరి సెంట్ డేవిడ్ కోటకు వచ్చిన స్ట్రింగర్ లారెన్స్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి, అప్పటివరకు కాపలాదారులుగా ఉన్న మనుషులను దళాలుగా కూర్చి యుద్ధానికి తయారు చేయడం మొదలుపెట్టాడు. ఆ మద్రాసు సిపాయిలను వెంటబెట్టుకునే క్లైవ్ బెంగాలుకు వెళ్లాడు. కవాతు చేసే ఎర్రచొక్కా సిపాయిని బెంగాలు జనం మొదట ఈ దక్షిణాది మనుషుల రూపంలోనే చూశారు. అందువల్ల అక్కడ సిపాయికి 'తిలంగా' అనే పేరు పడింది. తెలుగుదేశం నుంచి వచ్చినవాడు అని దాని అర్థం. వంద సంవత్సరాల తరువాత, 1857లో, ఢిల్లీ వీధుల్లో తిరుగుబాటు సిపాయిలను కూడా జనం తిలంగాలనే అన్నారు. వాళ్లలో ఎక్కువమంది అవధ్ నుంచీ బీహార్ నుంచీ వచ్చినవాళ్లయినా ఆ పేరు పోలేదు. మనం వాడే 'కవాతు' అనే మాట అరబ్బీలో నియమాలు అనే అర్థమున్న పదం నుంచి వచ్చింది. కాళ్లు కలిపి నడవడం అన్న అర్థం తరువాతది, నియమమే మొదటి అర్థం.

ఆ రోజుల్లో కవాతుకు అంత కఠినత్వం ఎందుకు అవసరమైందో అర్థం చేసుకోవాలంటే చేతిలో ఉన్న తుపాకిని చూడాలి. గొట్టం లోపల గాడులు లేని ఆ తుపాకి నూరు గజాలు దాటితే గురి నిలిచేది కాదు. తూటా కాగితాన్ని పళ్లతో చించడం, మందు పోయడం, గుండు వేయడం, కడ్డీతో కుక్కడం, ఎత్తడం, పేల్చడం అనే పనులన్నీ వరుసగా జరిగితే, బాగా నేర్చిన సిపాయి నిమిషానికి రెండు మూడు సార్లు పేల్చగలిగేవాడు. ఒక్కడు పేలిస్తే ప్రయోజనం లేదు. వందలమంది భుజం భుజం కలిపి నిలబడి ఒకే క్షణంలో పేల్చాలి, ఎదుటివాడి గుండు తగిలి పక్కవాడు కూలిపోతే ఆ ఖాళీలోకి జరగాలి. ఇది ఆలోచించి చేసే పని కాదు. ఆలోచన వస్తే భయం కూడా దాని వెంటే వస్తుంది. కనుక ఆలోచనకు చోటు లేకుండా ఒంటికి అలవాటు చేయడమే శిక్షణ అయింది. ఈ పద్ధతికి ఐరోపా అంతటా ఆదర్శం ప్రష్యా సైన్యం. శత్రువు కన్నా తన పై అధికారిని చూసి సైనికుడు ఎక్కువ భయపడాలన్నది ఆ సైన్యపు సిద్ధాంతం. దానికి తగినట్టే అక్కడ కార్పొరల్ చేతిలో ఎప్పుడూ బెత్తం ఉండేది.

ఇంగ్లండు సైన్యంలో బెత్తం స్థానాన్ని కొరడా ఆక్రమించింది. తొమ్మిది తోకల కొరడాతో దెబ్బలు కొట్టడాన్ని ఏ మూల గదిలోనో కాక పటాలం మొత్తాన్ని చతురస్రంగా నిలబెట్టి దాని మధ్యలో చేసేవారు. కొట్టే పని డ్రమ్ము వాయించేవాళ్లది. డాక్టరు పక్కనే నిలబడి మనిషి ఇంకెన్ని దెబ్బలు తట్టుకోగలడో చూసేవాడు. అతను ఆపమంటే ఆపి, గాయాలు మానాక మిగిలినవి కొట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ దెబ్బ తిన్నవాడిని సరిదిద్దడం కన్నా చూస్తున్నవాళ్లకు నేర్పడమే దాని ఉద్దేశం. నిన్ననో మొన్ననో చేరిన కుర్రవాడు కూడా ఆ వరుసలో నిలబడి ఉండేవాడు. అతనికి సైన్యం గురించిన మొదటి పాఠం ఒక్కోసారి అదే అయ్యేది.

ఈ పద్ధతి ఎక్కడ బెడిసికొట్టిందో చూద్దాం. 1805 చివర, 1806 మొదట్లో మద్రాసు సైన్యాధిపతి సర్ జాన్ క్రాడక్ హయాంలో కొత్త ఉత్తర్వులు వచ్చాయి. పరేడులో నుదుట కులచిహ్నాలు, చెవిపోగులు ఉండకూడదు, గడ్డం గీయాలి, మీసం ఒకే తీరుగా కత్తిరించాలి, తలపాగా స్థానంలో కొత్త రకం టోపీలాంటి పాగా పెట్టాలి. ఆ ఉత్తర్వులు రాసినవాళ్ల దృష్టిలో అవి చిన్న విషయాలు, వరుస చక్కగా కనబడడానికి అవసరమైన ఏకరూపత. సిపాయి దృష్టిలో ఆ పాగా తన కులం నుంచి, మతం నుంచి, ఇంటి నుంచి తనను వెలివేసే వస్తువు. మద్రాసు సైన్యంలో భార్యాబిడ్డలు పటాలంతో పాటే ప్రయాణం చేసి లైన్లలోనే గుడిసెల్లో ఉండేవారు. కనుక పరేడు మైదానంలో జరిగిన అవమానం ఆ సాయంత్రానికే ఇంటికి చేరేది. 1806 మే నెలలో వేలూరులో ఒక దళం ఆ పాగా పెట్టుకోబోమని చెప్పింది. ఇద్దరిని కొరడా దెబ్బలు కొట్టించి ఉద్యోగం నుంచి తీసేశారు. మరో 19 మందికి దెబ్బల శిక్ష వేసి, క్షమాపణ కోరాక వదిలిపెట్టారు. క్రమశిక్షణ నిలబడిందని అధికారులు అనుకున్నారు. జూలై 10 తెల్లవారకముందే కోటలో తిరుగుబాటు లేచింది. వందమందికి పైగా బ్రిటిష్ సైనికులు చనిపోయారు. ఆర్కాటు నుంచి గిలెస్పీ గుర్రపుదళంతో వచ్చి కోటను తిరిగి పట్టుకున్నాక చనిపోయిన సిపాయిలు వందల్లో ఉన్నారు. టిప్పు కుమారులు ఆ కోటలోనే ఉండడం కూడా ఆ తిరుగుబాటుకు ఒక కారణమని చరిత్రకారులు చెబుతారు, దాన్ని నేను కాదనను. అయినా నిప్పు అంటుకున్న చోటు మాత్రం పరేడు మైదానమే. పాగా ఉత్తర్వును వెనక్కి తీసుకున్నారు. సైన్యాధిపతి క్రాడక్‌నూ, మద్రాసు గవర్నరునూ లండన్ వెనక్కి పిలిచింది.

ఆ గవర్నరు పేరు విలియం బెంటింక్. సతీసహగమనాన్ని నిషేధించిన గవర్నర్ జనరల్‌గా మన బడి పుస్తకాలలో కనిపించే బెంటింక్ ఇతనే. వేలూరు తరువాత రెండు దశాబ్దాలకు మళ్లీ ఇండియాకు వచ్చి, 1835లో, పదవి దిగే ముందు, కంపెనీ సైన్యంలో భారతీయ సిపాయికి కొరడా దెబ్బల శిక్షను రద్దు చేశాడు. నౌకరీనీ దాని వెంట వచ్చే పింఛనునూ గౌరవంగా చూసుకునే మనిషికి ఉద్యోగం పోవడమే చాలినంత శిక్ష అనీ, ఒళ్లు చీల్చే దండన ఉన్నంతకాలం పరువు గల కుటుంబాలవాళ్లు సైన్యంలోకి రారనీ ఆ నిర్ణయం వెనుక ఉన్న వాదన. వేలూరు అతనికి ఎంత నేర్పిందో నేను రుజువు చేయలేను. ఒకే మనిషి జీవితంలో ఈ రెండు ఘటనలూ ఉండడం మాత్రం నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది.

ఆ తరువాత జరిగినది ఇంకా విచిత్రం. 1835 నుంచి సిపాయిని కొట్టకూడదు, కానీ అదే కంటోన్మెంటులో ఉన్న తెల్ల సైనికుణ్ని కొట్టవచ్చు. ఈ తేడాను చూసి అధికారులలో చాలామంది అసంతృప్తి చెందారు. 1845లో గవర్నర్ జనరల్ హార్డింజ్ కాలంలో సిపాయికి మళ్లీ ఆ శిక్షను తెచ్చారు. ఇంగ్లండులో 1846లో హౌన్స్‌లోలో దెబ్బలు తిన్న ఒక సైనికుడు చనిపోవడంతో గొడవ చెలరేగి, దెబ్బలను 50కి పరిమితం చేశారు. 1868లో శాంతి సమయంలో తీసేశారు, 1881లో పూర్తిగా రద్దు చేశారు. భారతీయ సైన్యంలో మాత్రం ఆ శిక్ష 1920 దాకా చట్టంలో నిలిచింది. అంటే మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు బురద కందకాలలో పక్కపక్కనే పోరాడిన ఇద్దరిలో ఒకడిని కొరడాతో కొట్టడానికి చట్టం ఒప్పుకుంటుంది, రెండోవాడిని కొట్టడానికి ఒప్పుకోదు. ఆ రెండోవాడికీ సుఖమేమీ లేదు. అతన్ని రోజుకు రెండు గంటల వరకు బండి చక్రానికో స్తంభానికో కట్టేసే ఫీల్డ్ పనిష్‌మెంట్ 1923 దాకా సాగింది. అయినా ఎవరి ఒంటి మీద చెయ్యి వేయవచ్చు, ఎవరి ఒంటి మీద వేయకూడదు అన్న లెక్కలో ఆ సైన్యం ఎవరికి ఎంత విలువ ఇచ్చిందో తేటతెల్లంగా కనిపిస్తుంది.

1857 గురించి చాలా చెప్పుకున్నాం కనుక ఒక్క ఘట్టం చాలు. మీరట్‌లో ఏప్రిల్ 24న 90 మంది రౌతులను పరేడుకు పిలిచారు. తూటా కాగితాన్ని పళ్లతో కాకుండా వేళ్లతో చించే కొత్త పద్ధతిని వాళ్లకు చూపించి నమ్మకం కలిగించాలని ఆ కర్నలు అనుకున్నాడు. ఇచ్చిన తూటాలు కూడా పాతవే. అయినా 85 మంది ముట్టుకోలేదు. మే 9న సాటి సైనికులందరి ఎదుట వాళ్ల బట్టలు తీసి కాళ్లకు సంకెళ్లు బిగించారు. మరుసటి రోజు ఆదివారం సాయంత్రం మీరట్ అంటుకుంది. శిక్షణలో నమ్మకం అనే వస్తువు ఒకసారి చెడిపోయాక, నిజం చెప్పినా పనికి రాదు. ఆ పరేడులో వేళ్లతో చించమని చెప్పిన మాట నిజమే, చెప్పిన నోటిని నమ్మేవాళ్లే లేరు.

ఇంతకీ వేరే మార్గం ఎవరికీ తోచలేదా అంటే తోచింది. 1803లో ఇంగ్లండులోని షార్న్‌క్లిఫ్ శిబిరంలో సర్ జాన్ మూర్ అనే సేనాని తేలికపాటి పదాతిదళాన్ని వేరుగా తయారు చేశాడు. చెట్ల చాటున, గట్ల వెనుక విడివిడిగా పోరాడే మనిషికి ప్రతి అడుగుకూ ఆజ్ఞ ఇచ్చేవాడు పక్కన ఉండడు. అతను తానే చూసి, తానే నిర్ణయించుకోవాలి. అటువంటివాడిని భయంతో తయారు చేయలేరని మూర్ గ్రహించి, అధికారులే ముందు నేర్చుకుని సైనికుడికి కారణం చెప్పి నేర్పాలనీ, శిక్ష పడే పరిస్థితి రాకుండా చూసుకోవడమే అధికారి పనితనమనీ ఆచరణలో పెట్టాడు. ఈ ఆలోచన మంచిదని అందరూ ఒప్పుకున్నా సైన్యమంతటికీ పాకడానికి వంద సంవత్సరాలు పట్టింది. అది పాకింది కూడా దయ వల్ల కాదని నా అభిప్రాయం. తుపాకి మారింది. గొట్టంలో గాడులు, వెనుక నుంచి తూటా పెట్టే ఏర్పాటు, చివరకు మెషిన్ గన్ వచ్చాక భుజం కలిపి నిలబడడం అంటే మూకుమ్మడి చావు అయింది. సైనికుడు నేల మీద పడుకున్నాడు, చెల్లాచెదురయ్యాడు, హవల్దారు కంటికి దూరమయ్యాడు. చూసేవాడు లేని చోట నిలబడే క్రమశిక్షణ కావాలంటే అది లోపల పుట్టాలి, బెత్తంతో పుట్టదు.

మన సైన్యంలో కొత్తవాళ్లకు నేర్పే పని మొదట ఏ పటాలం దానిదే. కవాతు హవల్దారు ఎలాంటివాడైతే శిక్షణ అలాంటిది. 1922 పునర్వ్యవస్థీకరణలో కొన్ని పటాలాలను ఒక రెజిమెంటుగా చేర్చి, ప్రతి రెజిమెంటుకూ 10వ బెటాలియన్ పేరుతో ఒక శిక్షణ బెటాలియన్ పెట్టారు. నేటి రెజిమెంటల్ సెంటర్లకు మూలం అదే. కానీ అప్పటికే వీరజాతులనే సిద్ధాంతం పేరుతో దక్షిణాది మనుషులు యుద్ధానికి పనికిరారని తేల్చి తెలుగువాళ్లను దాదాపు పక్కన పెట్టేశారు. ఈ సిద్ధాంతాన్ని గట్టిగా ప్రచారం చేసిన రాబర్ట్స్ అనే బ్రిటిష్ సేనాని అంతకు ముందు మద్రాసు సైన్యానికే అధిపతిగా పనిచేసినవాడు. 'తిలంగా' అని సిపాయికే పేరిచ్చిన ప్రాంతానికి జరిగిన ఈ అన్యాయాన్ని రెండవ ప్రపంచ యుద్ధం కొంత సరిదిద్దింది. మనుషులు కావలసి వచ్చేసరికి ఆ సిద్ధాంతం మూలనపడింది, సైన్యం 20 లక్షలు దాటింది, మన జిల్లాల నుంచి మళ్లీ వేలమంది వెళ్లారు.

ఆ యుద్ధంలోనే శిక్షణలో పెద్ద మలుపు వచ్చింది. జపాన్ చేతిలో మలయా, బర్మా, అరకాన్ ఓటముల తరువాత 1943లో ఒక కమిటీ కూర్చుని కారణాలు వెదికింది. రంగ్రూట్‌కు పరేడు చక్కగా వస్తుంది, అడవిలో రాత్రిపూట ఒంటరిగా నిలబడడం రాదు అని తేలింది. అప్పుడు చింద్వాడాలో 14వ డివిజనును, సహారన్‌పూర్‌లో 39వ డివిజనును యుద్ధం నుంచి తప్పించి పూర్తిగా శిక్షణకే కేటాయించారు. సెంటరులో ప్రాథమిక శిక్షణ పూర్తయిన కుర్రవాడిని అక్కడ రెండు నెలలు అడవి యుద్ధంలో సానబట్టి ముందుకు పంపేవారు. చీకటికి భయపడకపోవడం, నిశ్శబ్దంగా ఉండడం, శత్రువు వెనుకకు వచ్చినా కందకం వదలకపోవడం, నాయకుడు కూలితే పక్కవాడు నాయకత్వం తీసుకోవడం అప్పటి నుంచి క్రమశిక్షణ అనే మాటలోకి వచ్చాయి. 1944లో ఇంఫాల్, కోహిమాల్లో జపాన్ సైన్యాన్ని నిలువరించిన సైన్యం ఇలా మారిన సైన్యమే.

స్వాతంత్ర్యం వచ్చాక 1950లో సైనిక చట్టం వచ్చింది. రాజ్యాంగం 33వ అధికరణం, సైనికుల ప్రాథమిక హక్కులను క్రమశిక్షణ కోసం పరిమితం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. దీన్ని అందరూ చెబుతారు. అదే చట్టంలోని 47వ సెక్షన్ గురించి మాత్రం ఎవరూ చెప్పరు. తన కింది హోదావాడి మీద చెయ్యి చేసుకున్న, లేదా మరో విధంగా అతన్ని హింసించిన అధికారికి గానీ, జేసీవోకు (సుబేదార్ స్థాయివాడికి) గానీ, హవల్దారుకు గానీ ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. కమాండింగ్ ఆఫీసరు స్వయంగా ఏ శిక్షలు వేయవచ్చో 80వ సెక్షన్ జాబితా ఇచ్చింది. 28 రోజుల వరకు నిర్బంధం, లైన్లు దాటకుండా కట్టడి, అదనపు కాపలా, మందలింపు వంటివి అందులో ఉన్నాయి. దెబ్బ అనే మాట ఆ జాబితాలో ఎక్కడా లేదు.

అయినా 1983లో నేను రంగ్రూట్‌గా చేరినప్పుడు ఆ జాబితాలో లేనివి చాలా చూశాను. మేము దాన్ని 'రగడా' అనేవాళ్లం. కంకర మీద ఫ్రంట్ రోల్, ఎండలో వీపున బరువు కట్టుకుని పరుగు, చెవులు పట్టుకుని కోడిపుంజులా వంగడం, అర్ధరాత్రి లేపి వరుసలో నిలబెట్టే ఫాలిన్. ఒకడి మంచం కింద దుమ్ము కనిపిస్తే బ్యారక్ మొత్తానికీ. వీటిలో కొన్ని నన్ను గట్టిపరిచాయని ఒప్పుకుంటాను. పక్కవాడి తప్పు నా తప్పు అనే భావం కూడా అక్కడే ఒంటబట్టింది. కానీ మా జట్టులో ఒక కుర్రవాడికి జ్వరం ఉందని చెప్పినా నటన అని కొట్టిపారేసి పరుగు తీయించిన రోజు, అతను పడిపోయిన తీరు, నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. అతను బతికాడు, సర్వీసుకు మాత్రం మిగలలేదు. చట్టం 1950లోనే మారింది. ఉస్తాద్, అంటే మాకు నేర్పేవాడు, తన ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నది మాత్రం ముప్పై ఏళ్లయినా మారలేదు, ఎందుకంటే అది ఏ కాగితం మీదా రాసి లేదు, రాయని దాన్ని రద్దు చేయడం కష్టం.

తెలుగు కుర్రవాడికి ఇంకో కష్టం ఉంది, అది భాష. స్వాతంత్ర్యం తరువాత ఆజ్ఞలు హిందీలోకి మారాయి. సావధాన్, విశ్రామ్ అనేవి రెండు రోజుల్లో వస్తాయి. 'దాహినే ముడ్', 'బాయే ముడ్', 'పీఛే ముడ్' (కుడికి, ఎడమకు, వెనక్కి తిరగమని) అనేవి ఒకదాని వెంట ఒకటి అరుస్తుంటే, ఊళ్లో ఎప్పుడూ హిందీ వినని పిల్లవాడు పక్కవాడిని చూసి తిరుగుతాడు, అరక్షణం ఆలస్యంగా తిరుగుతాడు. ఆ అరక్షణానికి శిక్ష పడుతుంది. ఇది నాకు జరిగింది. పదేళ్ల తరువాత నేనే ఉస్తాద్‌గా వెళ్లినప్పుడు, సిగ్గుపడుతూ చెబుతున్నాను, ఒక కొత్త కుర్రవాడికి అదే చేశాను. అతను ఎడమకు తిరగమంటే కుడికి తిరిగాడని మధ్యాహ్నపు ఎండలో రోలింగ్ చేయించాను. మా సుబేదార్ సాబ్ దూరం నుంచి చూసి, అందరి ముందు ఏమీ అనకుండా, సాయంత్రం నన్ను పిలిచి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "ఆ మాటకు అర్థం ఏమిటో వాడికి నువ్వు చెప్పావా?" నేను చెప్పలేదు. తెలుగువాణ్నయి ఉండి, ఆ పిల్లవాడి భాష వచ్చి ఉండి, చెప్పలేదు. మరుసటి రోజు నుంచి పరేడుకు ముందు పది నిమిషాలు కూర్చోబెట్టి మాటల అర్థాలు చెప్పడం మొదలుపెట్టాను. రెండు వారాల్లో ఆ జట్టు తప్పులు సగానికి సగం తగ్గాయి. మేము క్రమశిక్షణ లోపం అనుకున్నదానిలో ఎక్కువ భాగం అర్థంకాకపోవడమే.

బయటి దేశాలు కూడా ఈ పాఠాన్ని తేలిగ్గా నేర్చుకోలేదు. 1956 ఏప్రిల్ 8 రాత్రి అమెరికాలో పారిస్ ఐలాండ్ అనే మెరీన్ శిక్షణ కేంద్రంలో, జట్టులో క్రమశిక్షణ తగ్గిందని ఒక డ్రిల్ ఇన్‌స్ట్రక్టరు 74 మంది రంగ్రూట్లను చీకట్లో రిబ్బన్ క్రీక్ అనే నీటి పాయలోకి నడిపించాడు. ఆరుగురు మునిగిపోయారు. అతను క్రూరుడు కాడని తోటివాళ్లు చెప్పారు. తనకు నేర్పిన తీరులోనే నేర్పుతున్నానని అతను అనుకున్నాడు. నన్ను బాధించేది ఆ మాటే. ఆ తరువాత అక్కడి శిక్షణ కేంద్రాల మీద అధికారుల పర్యవేక్షణ పెరిగింది. ఇంగ్లండులో డీప్‌కట్ బ్యారక్స్‌లో 1995 నుంచి 2002 వరకు నలుగురు యువ సైనికులు తుపాకి గుండు గాయాలతో చనిపోయాక, కొత్తవాళ్ల సంక్షేమాన్ని ఎవరు చూస్తున్నారన్న ప్రశ్న ఏళ్ల తరబడి విచారణల్లో నలిగింది.

ఇప్పటి సంగతికి వద్దాం. ఈనాడు జనరల్ డ్యూటీకి వచ్చే కుర్రవాడు కనీసం పదో తరగతి చదివి వస్తున్నాడు. చాలామంది ఇంటర్, డిగ్రీ వాళ్లు. తన హక్కు ఏదో తెలిసినవాడు, ఎందుకు అని అడిగేవాడు. దీన్ని పొగరు అనుకునే పాతకాలపు మిత్రులు నాకు ఉన్నారు, వాళ్లతో నేను ఏకీభవించను. ఎందుకో తెలిసినవాడు ఎవరూ చూడనప్పుడు కూడా చేస్తాడు. 2021 మే 8న బెంగళూరులో మిలటరీ పోలీసు దళంలోకి 83 మంది స్త్రీలు తొలిసారిగా జవాన్లుగా చేరారు. వాళ్లకు 61 వారాల శిక్షణ ఇచ్చారు. స్త్రీలు కూడా రంగ్రూట్లుగా వస్తున్న చోట బూతులతో నేర్పే అలవాటుకు కాలం చెల్లింది. నిజానికి ఆ బూతులు మగపిల్లలకు మాత్రం ఏ పాఠం నేర్పాయి?

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ అనే సైనిక నియామక పథకం వల్ల వచ్చిన మార్పు మరో రకమైనది. పదిహేడున్నరేళ్ల వయసు నుంచి తీసుకుని, శిక్షణతో కలిపి నాలుగేళ్లు ఉంచి, అందులో 25 శాతం వరకు మాత్రమే కొనసాగిస్తారు. మన గోల్కొండ ఆర్టిలరీ సెంటరులోనూ, సికింద్రాబాద్ సెంటర్లలోనూ ఈ కుర్రవాళ్లు తయారవుతున్నారు. దీని మంచిచెడ్డల మీద రాజకీయ చర్చ జరుగుతోంది, నేను అందులోకి వెళ్లను. ఉస్తాద్‌గా పనిచేసినవాడిగా ఒక్క ఆందోళన చెబుతాను. మా కాలంలో శిక్షణ ఎంత కఠినంగా ఉన్నా, పక్క మంచంవాడు పదిహేనేళ్లు నాతో ఉండబోయేవాడు. అతని బరువు నేను మోస్తే రేపు నా బరువు అతను మోస్తాడు. నలుగురిలో ఒకడే మిగులుతాడని తెలిసిన చోట పక్కవాడు తోడు కావడంతో పాటు పోటీదారు కూడా అవుతాడు. వెనుకబడినవాడిని చెయ్యి పట్టి లాగే అలవాటుకు మార్కులు వేసే పద్ధతిని సెంటర్లు గట్టిగా పట్టుకోవాలని నా కోరిక. దెబ్బ కన్నా ఈ విషయం గురించే నేను ఇప్పుడు ఎక్కువ ఆలోచిస్తున్నాను.

ఇక మొదట అడిగిన తల్లికి జవాబు చెప్పాలి. అమ్మా, మీ అబ్బాయి అక్కడ అలసిపోతాడు. కాళ్లు బొబ్బలెక్కుతాయి, నిద్ర చాలదు, మొదటి నెల ఫోనులో ఏడుస్తాడు. దాన్ని చూసి భయపడి వెనక్కి పిలవకండి. పరుగు, బరువు, ఎండ, చలి, రాత్రి కాపలా, ఇవన్నీ రేపు అతన్నీ అతని పక్కవాణ్నీ బతికించేవి. కానీ ఎవరైనా చెయ్యి చేసుకుంటే, జ్వరం ఉందన్నా వినకుండా పరుగెత్తిస్తే, కులం పేరుతోనో ప్రాంతం పేరుతోనో తిడితే, అది శిక్షణ కాదని మీ అబ్బాయికి ముందే చెప్పి పంపండి. సైనిక చట్టం 26వ సెక్షన్ ప్రకారం అతను తన కంపెనీ కమాండరుకు ఫిర్యాదు చేసుకోవచ్చు. ఫిర్యాదు ఆ కమాండరు మీదే అయితే అతని పై అధికారికి చెప్పుకోవచ్చు. కుర్రవాళ్లారా, బయలుదేరే ముందు సావధాన్ నుంచి పీఛే ముడ్ దాకా ఉన్న ఆజ్ఞలను అర్థంతో సహా నేర్చుకుని వెళ్లండి. ఈ సభ అయ్యాక బయట చెట్టు కింద కూర్చుంటాను, కావలసినవాళ్లు నోటుపుస్తకం తెచ్చుకోండి, ఒక్కొక్కటీ రాయించి పంపిస్తాను.